పాత కారు – క్రొత్త ధనము

పాత యొక రోత, క్రొత్త యొక వింత యని మన పెద్దలు చెప్పిరి. ఈ సామెత నేడు మన దిల్‌సుఖ్‌నగరమున తలక్రిందైనది. క్రొత్త కారు కొనుట యచ్చట వింత గాదు. ఎల్.బి. నగరు కూడలియొద్ద పావుగంటసేపు నిలిచిన యెడల క్రొత్త కార్లను లెక్కింపలేక మన కన్నులే యలసిపోవును. ఇప్పుడు వింత యేదనగా పాత కారు కొనుట; అందును ఇటలీదేశపు పాత స్పోర్ట్సు కారు కొనుట. కలవారి యిండ్లలో ఈ కోరిక పొడసూపుచున్నది. ఇది యొకరిద్దఱి వేడుక యని త్రోసివేయవచ్చును. కాని ధనవంతుల నేటి వేడుకలు రేపు మధ్యతరగతివారి కోరికలగుటయు, ఎల్లుండి లోకాచారమగుటయు మనమెఱిగినదే. కావున ఈ విషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుట యవసరమని తలంచితిమి.

మాకు చిరపరిచితులగు నొకరు నల్లగొండ జిల్లా పల్లెటూరినుండి చదువుకొఱకు దిల్‌సుఖ్‌నగరునకు వచ్చి, మలక్‌పేట వైపు ఒక యిఱుకుగదిలో నలుగురితో గలసి దినములు వెళ్లబుచ్చినవారు. ఆ గది గోడపై పత్రికనుండి కత్తిరించిన యొక ఎఱ్ఱని ఇటలీ కారు బొమ్మ యుండెడిది. పిదప వారు ఇండ్లస్థలముల వ్యాపారమున బ్రవేశించి, ఎల్.బి. నగరు ఆవలి చేలు కాలనీలుగా మాఱిన కాలమున బాగుగ గడించిరి. ఇప్పుడు వారి కోరిక గోడపై బొమ్మను వాకిటిలోనికి దెచ్చుకొనవలెనని. ఒక సాయంకాలము పఠనమందిరమున వారు తమ యాలోచనను వెల్లడింపగా, అచ్చట నున్నవారు రెండు పక్షములైరి. ఒక వృద్ధోపాధ్యాయులు, “నాయనా, ఆ సొమ్ముతో మీ యూరి బడికి పైకప్పు వేయింపరాదా?” యనిరి. ఒక పడుచువాడు, “ఆయన డబ్బు ఆయన యిష్టము, మనకేల తాతగారూ?” యనెను. ఈ రెండు మాటలును సత్యములే. ఐనను రెండును అసంపూర్ణములని మా యభిప్రాయము.

మొదట ఆ వస్తువు సంగతి చూతము. దాని నెఱుగక దూషించుట న్యాయము కాదు. ఇటలీవారి స్పోర్ట్సు కారు ధనమదముచేత బుట్టినది కాదు; పనివాని చేతిలో బుట్టినది. మోడెనా, బొలోన్యా, ట్యూరిన్, మిలాన్ పట్టణములలో రేకును సుత్తెతో గొట్టి వంపులు తీర్చు పనివారు తరతరములుగా నుండిరి. ట్యూరిన్‌లో ఫియట్ సంస్థ 1899లోను, మిలాన్‌లో ఆల్ఫా 1910లోను, బొలోన్యాలో మాసెరాటి 1914లోను స్థాపితములయ్యెను. ఎంజో ఫెరారి తన పేరిట మొదటి కారును మరనెల్లో గ్రామమునుండి 1947లో వెలువరించెను. ఫెరూచియో లంబోర్గిని రైతుకుటుంబమున జన్మించి, యుద్ధానంతరము ట్రాక్టర్లు చేసి గడించి, 1963లో కార్ల కర్మాగారమును నెలకొల్పెను. ట్రాక్టరుతో సంపాదించి స్పోర్ట్సు కారువంక జూచిన రైతుబిడ్డను మన తెలుగువాడు పరాయివానిగా నెట్లు తలంచును? ఒక్క భేదము మాత్రము కలదు. ఆయన కారు కొని యూరకుండలేదు, చేసి చూపెను.

ఇట్టి కార్ల ధరలు వినినచో గుండె యాగును. 1962 మొదలు 1964 వఱకు ఫెరారివారు 250 జి.టి.ఓ. యను కార్లను 36 మాత్రమే చేసిరి. వానిలో నొకటి 2018 ఆగస్టులో అమెరికా వేలమున 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయెను. 2023 నవంబరులో మఱియొకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయెను. ఇనుము, అల్యూమినియము, తోలు – వీని కింత వెల యుండునా? ఉండదు. ఆ వెల మూడింటికి జెల్లును: అట్టివి మఱి లేవనుటకు ఒకటి, అది పందెములలో బరుగెత్తిన చరిత్రకు రెండు, ఆ చరిత్రను ఋజువుపఱచు కాగితములకు మూడు. ఇంజను సంఖ్యయు ఛాసిస్ సంఖ్యయు కర్మాగారపు పుస్తకముతో సరిపోలినచో లక్షలు, సరిపోలనిచో రేకుముక్క. కావుననే ఫెరారివారు 2006లో తమ పాత కార్లను పరీక్షించి ధ్రువపత్రము లిచ్చుటకు ప్రత్యేకశాఖను దెఱచిరి. నకిలీలున్నచోటనే గదా నాణెమును గీటుఱాతిపై రుద్దవలసివచ్చును!

ఇక మన దేశపు చట్టము. విదేశమునుండి పాత కారు తెచ్చుట పెండ్లికి నగ తెచ్చుటవంటిది కాదు. చిరకాలము 1950కి పూర్వపు కార్లకే అనుమతిపత్రము లేకుండ దిగుమతి యవకాశముండెను. 2025లో ఈ హద్దు సడలి, ఏబదియేండ్లు నిండినవానికి ద్వారము తెఱువబడినది. ద్వారము తెఱచినను వాకిట సుంకములవారు నిలిచియే యున్నారు. సుంకమును పన్నులును గలసి కారు వెలనే మించును. ఎడమప్రక్క చక్రముగల బండికి పనిచేయుచున్న సంకేతయంత్రముండవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు వేఱుగ నిబంధనలు చేసెను. మొదట రిజిస్టరైన నాటినుండి 50 సంవత్సరములు దాటి, మూలరూపము చెడకున్న సొంత బండికి ‘వి.ఎ.’ యను నక్షరములతో సంఖ్య లభించును. రుసుము 20,000 రూపాయలు, గడువు పదియేండ్లు, మఱల రిజిస్టరు చేయించుటకు 5,000. ఐతే ఆ బండిపై నిత్యము కచేరికి పోరాదు, కూలికి త్రిప్పరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, శాస్త్రపరిశోధనకు, మరమ్మతునకు, పెట్రోలు నింపించుటకు మాత్రమే వీథిలోనికి దీయవలెను. అనగా చట్టమే యాతనిని అనుభోక్తగా గాక ధర్మకర్తగా భావించుచున్నది. ఈ యర్థమును కొనుగోలుదారు గ్రహించినచో సగము చిక్కు తీఱును.

ఇంతవఱకు దూరపు సంగతి. ఇప్పుడు దగ్గఱి సంగతి. పెరటిచెట్టు వైద్యమునకు బనికిరాదని మనవారందురు. ఇటలీ కారుకొఱకు సముద్రములవంక జూచుచున్న మన మిత్రునకు, ఇటలీ కారు తమ వీథిలోనే తుప్పుపట్టుచున్నదని యెవ్వరును చెప్పలేదు. మన తండ్రులు ‘ఫియట్’ అని పిలిచిన బండియే యది! 1944లో వాల్‌చంద్ హీరాచంద్‌గారు స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయి కుర్లాలో 1950ల దశకమున ఫియట్ 1100ను తయారుచేయసాగెను. 1974 నుండి దానికి ప్రీమియర్ పద్మిని యని పేరు వచ్చెను. ఇంచుమించు 2000 సంవత్సరము వఱకు అది మన దేశమున పుట్టుచునే యుండెను. వైద్యుడు, ప్లీడరు, కళాశాలాచార్యుడు, చిన్న కంట్రాక్టరు – వీరందఱి గౌరవచిహ్నము ఆ బండి. సంవత్సరములకొలది వేచియుండి, వంతు వచ్చినపుడు కొబ్బరికాయ కొట్టి యింటికి దెచ్చుకొనిన కాలమది. చక్రముప్రక్కనే గేరుకఱ్ఱ, ముందర బెంచివంటి యాసనము, మొదటి నమూనాలలో ముందుతలుపులు వెనుకవైపునకు దెఱచుకొనెడివి. పేద బంధువువలె నణగిమణగి యుండిన బండి యగుటచే దాని వంశమును మన మెన్నడు నడుగలేదు.

అడిగినచో ఆశ్చర్యపడుదుము. ఫియట్‌వారు 1089 ఘన సెంటీమీటర్ల 1100 ఇంజనును 1937లో వెలువరించిరి. ఎంజో ఫెరారి ఆల్ఫా రోమియోను 1939లో వదలినపుడు, కొన్నియేండ్లు తన పేరిట పందెములలో దిగరాదను నొడంబడిక కాతడు కట్టుబడియుండెను. ఆ నిర్బంధకాలమున, తన పేరు లేకుండ, ఆతడు చేయించిన మొదటి కార్లు రెండు. వాని పేరు 815. ఆ కారునందలి యెనిమిది సిలిండర్ల యంత్రము ఈ ఫియట్ 1100 ఇంజను భాగములను ఆధారముగా గొని కూర్చినదే. 1940 మిల్లె మిల్యా పందెమున అవి దిగెను. వానిలో నొకదానిని నడపినవాడు తరువాత ప్రపంచవిజేతయైన ఆల్బర్తో అస్కారి. రెండును గమ్యము చేరలేదు. కాని ఆ యోటమినుండియే ఫెరారి వంశము బయలుదేరినది.

మఱియొక శాఖ గలదు. యుద్ధానంతరము ట్యూరిన్‌లో పియరో దూసియో యను వర్తకుడు చిసితాలియా యను సంస్థను నెలకొల్పి, అదే ఫియట్ 1100 ఇంజనుతో 202 యను స్పోర్ట్సు కారును చేయించెను. దానిపై పినిన్ ఫరీనావారు తీర్చిన శరీరము ఎంత సొగసైనదనగా, న్యూయార్కులోని ఆధునికకళా మ్యూజియమువారు 1951లో ఎనిమిది కార్లను కళాఖండములుగా ప్రదర్శించినపుడు దీనిని వానిలో జేర్చిరి. పిదప ఆ నమూనా కారొకటి వారి శాశ్వతసంగ్రహమున జేరెను. 1947 మిల్లె మిల్యాలో 54 ఏండ్ల వయసున తాజియో నువొలారి ఈ చిన్ని యంత్రముతో పెద్ద యంత్రములను దాటి ద్వితీయస్థానమును గైకొనెను. న్యూయార్కు మ్యూజియమున దీపములక్రింద వెలుగుచున్న కారును, కొత్తపేట సందులో వేపచెట్టుక్రింద పిల్లులకు పడకయైన కారును ఒకే తల్లి బిడ్డలు కాకున్నను జ్ఞాతులనుటకు సందేహము లేదు. ఒకటి రాజగృహమున బెరిగినది. ఒకటి మన సంసారములను మోసినది. మనకు ఏది పూజ్యమో పాఠకులే నిర్ణయింపవచ్చును.

పరులను దప్పుపట్టుటకు ముందు మా తప్పు నొప్పుకొనవలెను. మా యింటను 1100 డిలైటు బండి యొకటి యుండెడిది. మా పినతండ్రిగారు దానిని హయాత్‌నగరు దారిలోను, దేవరకొండ దారిలోను ఇరువదియేండ్లు నడపిరి. ఇంటిలో ఇద్దఱు ఆడుపడుచులు పెండ్లికూతుళ్లై కదలినది ఆ బండిలోనే. వారు గతించిన పిదప అది కొంతకాలము ప్రహరిగోడ ప్రక్కన నిలిచెను. వర్షములకు నేలరేకు చివికెను. ఒకనాడు పాతసామానుల వర్తకుడు వచ్చి తూకమున కొనిపోయెను. మేము రసీదైనను అడుగలేదు. ఇనుమునకు వచ్చిన సొమ్ముతో ప్రహరికి సున్నము వేయించితిమి. నేడు ఆ బండి చక్రమొక్కటి దొరికినను పదింతలిచ్చి కొనుటకు సిద్ధముగా నున్నాము, కాని దొరకదు. ఏనుగు బ్రతికినను వేయి, చచ్చినను వేయి యందురు. కారు విషయమున ఈ సామెత చెల్లదు. బ్రతికినంతవఱకే దానికి వెల.

కారు చచ్చుట చిన్న నష్టము. దానిని బ్రతికించువారు పోవుట పెద్ద నష్టము. కొత్తపేట వైపు ఒక సందులో డెబ్బదియేండ్లు దాటిన యొక ఉస్తాదు గలడు. పేరు చెప్పుట ఆయన కిష్టము లేదు. కార్బురేటరును ఆయన చెవితో సరిచేయును. ఇంజను తిరుగుచుండగా స్క్రూడ్రైవరు మొనను దానిపై నుంచి, పిడిని చెవి కానించి, కన్నులు మూసికొని వినును. వైద్యుడు ఛాతీపై గొట్టముంచినట్లే. ఏ వాల్వు సద్దు చేయుచున్నదో, ఏ బేరింగు అరుగుచున్నదో చెప్పును. ఆయన నేర్పు కాగితముపై లేదు. కుమారుడు సెల్‌ఫోనులు బాగుచేయు దుకాణము పెట్టుకొనెను. మనుమడు భోజనపు పొట్లములు మోయుచు మోటారుసైకిలుపై దిరుగుచున్నాడు. వారిని దూషింపలేము. రోజునకు మూడు బండ్లు వచ్చినచోట నెలకొక్కటియు రాకున్న కుటుంబ మెట్లు గడచును? “నా పనిముట్లు నాతోనే తూకమునకు పోవును, సాబ్” అని ఆయన మాతో ననెను. ఆ మాటలో ఫిర్యాదు లేదు. అదియే మమ్ము మిక్కిలి బాధించినది.

మన మిత్రుని ధనము ఈ సందునకు వచ్చునా, లేక ఓడలమీదుగా పోవునా యనునదియే ఇప్పటి ప్రశ్న. విదేశపు స్పోర్ట్సు కారు కొనినచో దాని మరమ్మతునకు విదేశపు నిపుణుడు విమానమున రావలెను; లేదా కారే పోవలెను. మన దేశమున మిగులునది మెఱుపును, తాళముచెవియును. 1100 కారును దెచ్చి నిలుపుటకు పూనినచో, రేకుపనివాడు, సీట్లు కుట్టువాడు, రంగువాడు, లేతుపనివాడు, తీగెలపనివాడు – ఐదుగురికి నెలలకొలది పని దొరకును. వనస్థలిపురము దాటిన పిదప ఆటోనగరున నేటికిని లారీల శరీరములను చేతితో గట్టువారున్నారు. విజయవాడ ఆటోనగరు సంగతి చెప్పనక్కఱయే లేదు. మోడెనా పనివాడు ఏ సుత్తెతో అల్యూమినియమును లొంగదీసెనో, అట్టి సుత్తెయే మనవాని చేతను గలదు. వానికి కొఱవడినది నేర్పు కాదు, అడుగువాడు.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. స్వదేశివ్రతులొకరు, “ఫియట్ మాత్రము విదేశపు నమూనా కాదా?” యనవచ్చును. నమూనా విదేశమే. కాని ఏబదియేండ్లు మన చేతులు దానిని చేసి, మన ధూళిలో నడపి, మన ఎండకు దగినట్లు మార్చికొనినపుడు అది మనదే. మిరపకాయ ఎచ్చటిదని అడిగి గుంటూరువారు ఊరగాయ మానిరా? రెండవ యాక్షేపణ మన వృద్ధోపాధ్యాయులది: బడి పైకప్పు కంటె కారు ముఖ్యమా? కాదు. బడి పైకప్పు కారుచుండగా వాకిట కారు నిలుపువానిని మేమును మెచ్చుకొనము. కాని పైకప్పునకు నిచ్చిన పిదప మిగిలిన సొమ్మును మనుష్యుడు ఏ దారిని వెచ్చించుననునది లోకమున కవసరమైన ప్రశ్నయే. ఒకరు మద్యశాలలకు, ఒకరు వివాహాడంబరములకు, ఒకరు పనివాని కూలికి వెచ్చింతురు. ఈ మూడును ఒకటే యని మే మంగీకరింపము. మూడవది పొగనుగూర్చిన యాక్షేపణ. ఇది బలమైనది. పాత ఇంజను నేటి ఇంజనుకంటె గాలిని హెచ్చుగా చెఱచును. దానికి చట్టము విధించిన మితియే సమాధానము: నెలకొక ప్రాతఃకాలమున కొన్ని మైళ్లు నడచు బండి నగరపు గాలిని చెఱుపజాలదు, నిత్యము లక్షలాదిగా నడచు బండ్లు చెఱుపుచున్నవి. ఎల్.బి. నగరునకు 2018 సెప్టెంబరు నుండి మెట్రోరైలు నడచుచున్నది. దినచర్యకు మెట్రోయు, పండుగపూట పాత కారును – ఇది యుక్తమైన యొడంబడిక.

ఇక ఉద్దేశించినవారికి నాలుగు హితవులు. రంగు చూచి మోసపోవలదు. క్రిందికి వంగి చూడుడు. 1953లో వెలువడిన 1100-103 నమూనానుండి ఈ కారునకు వేఱుగ చట్రము లేదు, శరీరమే చట్రము. కావున తలుపుక్రింది దూలములు, నేలరేకు తుప్పుతినినచో ఇంటి పునాది చెదలు తినినట్లే. ఇంజను చెడిన బాగుపడును. శరీరము చివికినచో వ్రయమునకు మేర లేదు. రెండవది, రిజిస్ట్రేషను పుస్తకమునందలి సంఖ్యలను బండిపై సంఖ్యలతో మీ కన్నులతోనే పోల్చిచూడుడు. వారసులందఱి సంతకములు లేని బండిని తీసికొనవలదు. మూడవది, 2025 నాటికి దేశమంతట పెట్రోలున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపబడుచున్నది. పాతకాలపు రబ్బరుగొట్టములు, కార్బురేటరు వాషర్లు దీని కోర్వవు. వానిని క్రొత్త రకము రబ్బరుతో మార్పింపక నడపినచో కారిపోయిన పెట్రోలు నిప్పంటుకొను ప్రమాదము గలదు. నాలుగవది, వైశాఖపుటెండలో దిల్‌సుఖ్‌నగరు రద్దీలోనికి దీయకుడు; నిలిచిన బండిలో నీరు మరగును, పిమ్మట మీ కోపము మరగును.

ప్రభుత్వమునకును ఒక విన్నపము గలదు. ఏబదియేండ్లు దాటిన బండికి 2021 నిబంధనలు గౌరవమిచ్చినవి, మేలు. పదునైదేండ్లు దాటిన బండికి మాత్రము ఏటేట బరువు పెరుగుచున్నది. 2022 ఏప్రిలునుండి కారు మఱల రిజిస్టరు చేయించు రుసుము 600 రూపాయలనుండి 5,000కు పెరిగెను; ఇరువదియేండ్లు దాటినవానికి 2025లో మఱింత హెచ్చించిరి. కాలుష్యము తగ్గవలెనను నుద్దేశ్యమును మేము కాదనము. కాని ఏబదియేండ్ల ముదుసలి ఆకాశమునుండి యూడిపడడు గదా? పదునైదు మొదలు ఏబది వఱకు గల ముప్పదియైదేండ్లను దాటియే రావలెను. 1974 నాటి మొదటి పద్మినులు ఇప్పుడిప్పుడే ఏబది దాటినవి. 1990 నాటివి దాటుటకు 2040 వఱకు వేచియుండవలెను. అంతలో తూకపువర్తకుడు వేచియుండడు. 2023 అక్టోబరులో బొంబాయి వీథులనుండి చివరి పద్మిని టాక్సీ సెలవు తీసికొనినపుడు జనులు పూలదండలు వేసిరి. దండ వేయుట సులభము, దాచుట కష్టము. నిత్యము నడపక, మూలరూపమును కాపాడుదుమని మాట యిచ్చువారి బండ్లకు ఈ నడిమి కాలమున తక్కువ రుసుముతో ఒక ప్రత్యేకవర్గము నేర్పఱుపవలెను. ఖజానాకు నష్టము స్వల్పము.

కలవారికి చివరి మాట. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారు ఇంగ్లండునందు రోల్స్ రాయిస్ సింహాసనపు కారు నొకదానిని చేయింప నాజ్ఞాపించిరి. అది చేరకమునుపే 1911 ఆగస్టులో వారు గతించిరి. వారి కుమారుడు దాని నెక్కినది బహుస్వల్పము. దశాబ్దములు చీకటికొట్టమున బడియుండి, తరువాత బాగుచేయబడి, నేడు చౌమహల్లా సౌధమున నిలిచియున్నది. ఎక్కవలసిన రాజు ఎక్కకపోయెను. చూడనోచుకోని ప్రజ నేడు టిక్కెట్టు కొని చూచుచున్నది. సంస్థానాధీశుల కార్లు ఇంకెన్నియో దేశాంతరములకు దరలిపోయినవి. వాకిట తాళము వేసిన కారునకు యజమాని యొక్కడే ప్రేక్షకుడు, అతడును నెలకొకమారు. తలుపు తెఱచిన కారునకు ఊరంతయు యజమానియే. ఎల్.బి. నగరు ప్రాంతమున ఇన్ని వందల కళాశాలలు, శిక్షణాలయములు గలవు. యంత్రశాస్త్రము చదువు బాలుడు తెరపై ఇంజను బొమ్మనే చూచుచున్నాడు. నెలకొక యాదివారమున పాత బండి మూతనెత్తి, ఆ యుస్తాదును కుర్చీలో గూర్చుండబెట్టి, పదిమంది బాలురచే కార్బురేటరు విప్పించినచో, అది పాఠశాల గాక మఱేమి?

పై మాటలనే మా మిత్రునకు జెప్పి, వారిని కొత్తపేట సందునకు దోడ్కొనిపోయితిమి. ఉస్తాదు వారికి చాయ తెప్పించి, అచ్చటనున్న యొక పాత 1100 బండి మూత నెత్తి, “చేయి పెట్టి చూడుడు, సాబ్” అనెను. మా మిత్రుడు విలువైన చొక్కా చేతులను మడచి, చేయి పెట్టెను. అరచేయి నల్లనయ్యెను. ఇరువదియేండ్లనుండి దస్తావేజులు తప్ప మఱేమియు ముట్టని ఆ చేయి చాలసేపు ఆ నలుపును తుడుచుకొనలేదు. ఎఱ్ఱకారు కోరిక పోయినదో లేదో మేము చెప్పజాలము. వచ్చువారము మఱల రమ్మని ఉస్తాదు చెప్పెను; వత్తునని వారు చెప్పిరి. వచ్చునపుడు ఒక బాలుని వెంటబెట్టుకొని రండని మేము చెప్పితిమి.